అక్షరానికి పద్దెనిమిది రూపాయలు

తాడిపత్రిలో నా రేటు
అక్షరానికి పద్దెనిమిది రూపాయలు.
ఒత్తుకు, దీర్ఘానికి వేరే లెక్క లేదు.
ఇంగ్లీషుకైతే రెండు రూపాయలు తక్కువ,
వంపులు తక్కువ, ఉలి నేరుగా పోతుంది.

దైవమణి మేడమ్ కాయితం తెచ్చింది
వాళ్లాయన సమాధి రాయికి.
మూడు వరసలు. యాభై మూడు అక్షరాలు.
పేరు లేదు. ప్రభువునందు నిద్రించెను అని లేదు.
చొక్కా ఉంది, కొక్కెం ఉంది, మనిషి లేడు.
"సగమే రాసినట్టుండారే మేడమ్?"
"మిగతా సగం చదివేవాళ్లది, నెట్టికంటప్పా" అనె.

అట్ల మొదలయింది.

సాయంత్రం కటింగు మిషన్లు ఆగినాక
బండ మీద సుద్దముక్కతో పాఠం.
అయిదు, ఏడు, అయిదు.
వేళ్లు మడిచి లెక్కపెట్టబోతే
నా నోరే నాకు అడ్డం పడింది.
రెయిన్: రె, యి, ను. మూడంటాను నేను.
ఒకటేనంటుంది ఆమె.
స్టోన్ ఒకటి. డస్ట్ ఒకటి.
స్ట్రెంగ్త్, అంత బరువుదీ ఒకటే!
ప్రతి హల్లు కిందా ఒక అచ్చు పెట్టి
నిలబెట్టే అలవాటు మాది.
గడ్డం కింద చెయ్యి పెట్టి పలకమనె,
దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని.
పాలిష్ పట్టే మాబున్నీ చూసి
"పంటినొప్పా అన్నా?" అనె.

నెల తిరిగేసరికి కుదిరింది,
పదిహేడుకు పదిహేడు, తూకమేసినట్టు.
మేడమ్ చదివి,
"లెక్క బాగుంది. హైకూ యాడుంది?" అనె.
అప్పుడు చెప్పింది,
ఇంగ్లీషులో పదిహేడు లావైపోతుందంట.
పన్నెండు చాలు, పదైనా చాలు,
ఒక్క ఊపిరిలో పట్టాలంతే.
నెలరోజుల దవడనొప్పి దండగ.

లైక్ అని రాసినచోటల్లా ఎర్రగీత.
ఎండిన పెన్నేరు, పాము కుబుసం లాగ అని రాసుంటి.
"పెన్నేరు చాలదా? పామెందుకు?"
లోన్లీ అని రాస్తే కొట్టేసె.
మై హార్ట్ అయితే చదవను గూడా లేదు.

రుతువు మాట ఒకటి ఉండాలంట.
మాకు యాడి రుతువులు మేడమ్?
ఎండ, ముదురెండ, రాని వాన.
ఆమె నవ్వలేదు.
"రాని వానా రుతువే. రాయి" అనె.
ఆ రాయి ఏ రాయో
రెండు రోజులు తేలలేదు నాకు.

ఇంక కోత.
ఆ మాట వింటూనే ధైర్యం వచ్చింది.
రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి
నడుమ తెంపాలి, అతకగూడదు.
మా గనిలో నల్లబండ పొరలు పొరలుగా ఉంటాది.
సందు కనిపెట్టి ఒక్క దెబ్బ ఏస్తే
రెండు పలకలై విడిపోతుంది,
రెండు ముఖాలూ అంతదాకా వెలుతురు చూడనివి.
గీత యాడ పెట్టాలో చేతికి తెలుసు.
ఇంగ్లీషుకే తెలీదు.
ది పెట్టాల్నా, ఎ పెట్టాల్నా?
చెప్పులో పడిన గులకరాళ్ల లాగ ఈ రెండూ.
చూడు, మళ్లీ లాగ వచ్చె.
కొట్టేస్తాండా.

మొన్న మంగళవారం, మధ్యాన్నం మూడు.
కరెంటు పాయ.
బజారు పొడుగునా మిషన్లన్నీ ఒక్కసారే నోరు మూసె.
చేతిలో టీ గ్లాసు.
ఎవరిదో కోడి, ఎన్నేండ్లుగా కూస్తాందో,
ఆ పొద్దు వినపడె.
పక్క బండ మీద సుద్దతో రాసినా:

పవర్ కట్
ది స్టోన్ డస్ట్ స్టిల్ ఫాలింగ్
ఇంటు మై టీ

మేడమ్ వచ్చి నిలబడి చదివింది.
ఎర్రపెన్ను సంచిలోనే ఉండె.
దవడ కింద చెయ్యి పెట్టుకోలేదు.
చానాసేపటికి,
"మా ఆయన గ్లాసు మీద సాసరు మూత పెట్టుకునేవాడు,
మీ మాదిరే, ఇరవై రెండేండ్లు ఇదే బజార్లో" అనె.
ఇంకేం అనలేదు.

ఆమె పోయినాక లెక్కేసుకున్నా.
నలభై ఒక్క అక్షరం.
ఆరు వందల యాభై ఆరు రూపాయలు,
నాకు నేనే బాకీ.

ఆ బండ బుధవారం లారీకెక్కింది,
ఎవరి వంటింటికో.
సుద్ద తుడిచినానో లేదో గుర్తు లేదు.