తక్‌పట్టీ మీద పేరు

ఏనుమాముల యార్డుల మైకు పట్టి
"ఐలయ్యా!" అని పిలిస్తే
మిర్చి బస్తాల సందుల నుంచి
నలుగురు లేచిండ్రు.
నలుగురూ ఐలోని మల్లన్న మొక్కుకు పుట్టినోళ్లే.

"తండ్రి పేరు?"
ముగ్గురికి కొమురయ్య.

ఎమ్మే చదివినప్పుడు
టాలమీలను బట్టీ పట్టిన.
తాత టాలమీ, మనుమడు టాలమీ,
చంపినోడు టాలమీ, చచ్చినోడూ టాలమీ.
అంకెలు మనం తర్వాత తగిలించినయి.
శాసనాలల్ల వాళ్లు
రక్షకుడనీ ఉపకారి అనీ చెక్కించుకున్నరు,
ఊరు మాత్రం
బొర్ర టాలమీ అన్నది, శనగగింజ టాలమీ అన్నది,
పిల్లనగ్రోవి ఊదుకుంట
రాజ్యాన్ని అప్పుల పాల్జేసినోడని ఒకణ్ని అన్నది.

తాలుకాయ ఊడ్చే సారమ్మ
చీపురు ఆపకుంటనే చెప్పింది:
"నత్తి ఐలయ్య, బర్ల ఐలయ్య,
భీవండి పోయొచ్చిన ఐలయ్య,
గా మూలకున్నోడు
అన్న మీద కేసేసిన ఐలయ్య."

మూలకున్నాయన తువ్వాలతో
మెడ తుడుచుకున్నడు.
ఘాటుకు దగ్గిండు, దగ్గుతనే ఉన్నడు.
నేను నాలుగో అంకె వెయ్యబోతుంటే
మెల్లగ దగ్గరికొచ్చి

"సారూ, ఈ ఒక్క చీటీల
ఎర్రకాయ ఐలయ్య అని రాయుండ్రి.
ఈ యేడు కాయ మంచిగొచ్చింది."