గోధుమరంగు డబ్బా వారం

బుధవారం రాత్రి మా వీధిలో
ప్రతి కిటికీ తెర వెనకా ఓ కన్నుంటుంది.
రేపు ఏ డబ్బా?
నల్లదా, నీలందా, గోధుమరంగుదా, ఆకుపచ్చదా?
తిథి తప్పితే దేవుడైనా సర్దుకుంటాడు గానీ
స్టాక్‌పోర్ట్ కౌన్సిల్ సర్దుకోదు.

ఫ్రిజ్ మీద ఆ కేలండరు అతికించింది మా ఆయన.
పేరు మృత్యుంజయ.
స్నానాల గదిలో సాలీడు కనబడితే
"వకుళా, ఓ గ్లాసు, ఓ అట్టముక్క" అని
మంచమెక్కి, గొంతు తగ్గించి పిలిచే మృత్యుంజయుడు.
డబ్బాల దగ్గర మాత్రం సాక్షాత్తూ చిత్రగుప్తుడు.
పెరుగు కప్పు కడిగావా?
మూత వేరు చేశావా?
ఈ పిజ్జా అట్టకి నూనె అంటింది,
ఇక ఇది అట్ట జాతి కాదు.

నేను పుట్టినింట్లో సీసాకి చావు లేదు.
కాఫీ అయిపోతే ఆవాలు,
ఆవాలు అయిపోతే గుండీలు, పిన్నీసులు,
మూత పోతే మనీప్లాంటు.
అతను కడిగి, తుడిచి, డబ్బాలో వేసిన జామ్ సీసాని
ఫోను వెలుగులో, నా చెత్తకే నేను దొంగనై
తెచ్చుకున్నాను ఓ రాత్రి.
అందులో ఇప్పుడు మెంతులున్నాయి.

ఎదురింటి మోరీన్‌కి ఎనభై ఒకటి.
ఆవిడ ఏ డబ్బా బయట పెడితే వీధంతా అదే.
ఒకసారి ఆవిడ చెల్లెలింటికి వెళ్ళొచ్చి
ఓ వారం లెక్క మర్చిపోయి నీలం పెట్టింది.
ఇరవై రెండిళ్ళూ నీలం.
మా వాకిట్లో ఒక్కటే గోధుమరంగు,
పెళ్ళికి లుంగీలో వచ్చినవాడిలా.
నాకు సిగ్గేసింది.
అతను పడుకున్నాక నెమ్మదిగా వెళ్ళి మార్చాను.

పొద్దున్నే వచ్చింది గోధుమరంగు లారీ.

మూడు రోజులు మాట్లాడుకోలేదు.
మాట్లాడుకోలేదంటే,
ఉప్పు, కారు తాళాలు, పాప పీఈ బూట్లు,
బాయిలర్ చేసే చప్పుడు,
ఇవి మాటల్లోకి రావు.
నాలుగో రోజు హిరణ్మయి బొమ్మలతో ఆడుతోంది.
నాన్న బొమ్మ అమ్మ బొమ్మతో అంది,
"మూత వేరు చెయ్యలేదు, లవ్",
అచ్చం మోరీన్ యాసలో.
అమ్మ బొమ్మ ఏమీ అనకుండా వెళ్ళి
చెత్తబుట్టలో పడుకుంది.
ఆ ఆట నాకంత నచ్చలేదు.
ఆయనకీ నచ్చినట్టు లేదు,
ఆ రాత్రి అడక్కుండానే అంట్లు తోమాడు.
నేను మళ్ళీ తోమాను, అది వేరే సంగతి.

నిరుడు నవంబరులో రెండు వారాలు
అతనికి బెల్‌ఫాస్ట్‌లో పని.
బుధవారం వచ్చింది. వాన కూడా.
అతని కోటు వేసుకుని, అతని చెప్పుల్లో జారుతూ
గడగడమంటున్న చక్రాలతో నేనే తోశాను.
కేలండరు చూశాను, మోరీన్ వాకిలి చూశాను,
రెండూ ఒకే మాట మీదున్నాయి.
తప్పుపట్టే మనిషి లేకుండా ఒప్పు చెయ్యడం
ఇంత చప్పగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఫోటో తీసి పంపాను.
రెండు నీలం టిక్కులు.
టైపు చేస్తున్నాడు. ఆపాడు.
మళ్ళీ చేస్తున్నాడు. మళ్ళీ ఆపాడు.
పదకొండేళ్ళకి ఓ ప్రేమలేఖ వస్తోందని
వానలో అలాగే నిలబడ్డాను.

"హ్యాండిల్ రోడ్డు వైపు ఉండాలి."

తిప్పాను అని రాశాను.
తిప్పలేదు.
పొద్దున్న లారీవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు,
హ్యాండిల్ ఎటుందో చూడనైనా చూడకుండా.

ఆ సంగతి అతనికింకా తెలీదు.
మెంతుల సీసా సంగతి తెలుసనుకుంటాను.
మొన్న దాని మీద చీటీ అంటించి ఉంది,
గుండ్రటి అక్షరాలతో: మెంతులు.
మూత మాత్రం వేరుగా పెట్టాడు.