తొడిమలు

బ్రాడీపేటలో అడ్రసంటే రెండు అంకెలు:
లైను ఎంతో, అడ్డరోడ్డు ఎంతో.
నాది నాలుగు బై పధ్నాలుగు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
ఊరే గళ్ల కాగితమైన చోట
నాకు లెక్కల పిచ్చి పట్టడంలో వింతేముంది!

పదకొండు వేల ఫొటోలు నా దగ్గర.
అన్నీ మిరపకాయలే.
మార్చి నుంచి మే దాకా యార్డులో
టిక్కీల సందుల్లో మోకాళ్ల మీద కూర్చుని తీసినవి.
ఒక కాయను చూపిస్తే
దాన్ని పోలిన కాయలన్నీ వెతికి తెచ్చే యంత్రం,
అదీ నా పరిశోధన.
అమ్మీ ఇరుగుపొరుగుతో చెప్పుకునేది వేరు:
"మా కరిముల్లా మిరపకాయలకి సంబంధాలు చూస్తన్నాడు."

మొదటిసారి 'తాలు' అని అడిగాను.
ఎండకు వెలిసిన గోనెసంచి మూల,
ఫొటో అంచున పడ్డ ఎవరిదో పగిలిన మడమ,
ఒక వెల్లుల్లి రేక
తెచ్చి నా ముందు పెట్టింది,
తొంభై ఒక్క శాతం నమ్మకంతో.

"పేర్లు తప్పు పెట్టావ్," అన్నారు సారు.
"తెలిసినవాళ్లతో పెట్టించు."

తెలిసినవాళ్లు
ఏటుకూరు రోడ్డు రేకుల షెడ్డులో ఉన్నారు.
కొంగులు ముక్కులకు బిగించి,
వేళ్లకు ఆముదం రాసుకుని
తొడిమలు తీస్తున్నారు, కిలోకింతని.

సువార్తమ్మకు తెర చూపించాను.
కళ్లజోడు లేదు. లాప్‌టాప్‌ని చాటలా ఏటవాలుగా పట్టుకుంది.
"ఇది తాలు కాదయ్యా, తాలవ్వబోతన్న కాయ.
ఇది మంచు తిన్నది.
ఇది కల్లంలో ఒక రాత్రి ఎక్కువ పడుకుంది.
ఇదుగో, ఇది ఏసీలోంచి వచ్చింది,
పోయినేటి సరుకు. కొత్తదాన్లాగా నవ్వుతంది చూడు."

నా పట్టికలో గడులు రెండే:
మంచిది, తాలు.

పదమూడు వారాల్లో గడులు నలభై ఒకటయ్యాయి.
ఫొటోకి అర్ధరూపాయి. ఆమె వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకునేది,
నా ఫైలు కంటే ఎప్పుడూ రెండు ఎక్కువ.
ఆ రెండూ ఆమెవే సరి.

అప్పుడు భాష అడ్డమొచ్చింది.
తాలు, తాలుకి, తాలుకాయ, తాలేమో, తాలంటగా.
మనకి ఒకటే కుటుంబం,
యంత్రానికి ఐదు ముక్కూ మొహం తెలియని మనుషులు.
మాట చివర పట్టుకుని విరిచి
మూలం మిగుల్చుకునే ప్రోగ్రాం రాశాను.
రాత్రి పన్నెండింటికి అది నడుస్తుంటే
'కి' తుంచి, 'ఏమో' తుంచి, 'అంటగా' తుంచి
కుప్ప పోస్తుంటే
నా వేళ్ల వంక చూసుకున్నాను.
నేనూ తొడిమలే తీస్తున్నాను.

చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
"తొడిమ పోతే గింజ రాలుద్ది, చూసుకో," అంది.

చూసుకున్నాను.
'ఏమో' విరిగిన చోట ఆమె అనుమానం రాలిపోయింది.
'అంటగా' విరిగిన చోట
ఎవరి దగ్గరో విన్న ఒక పొద్దు.
ఇప్పుడు తుంచినవన్నీ వేరే గడిలో దాస్తున్నాను.
ఖచ్చితత్వం రెండు శాతం పడిపోయింది.
సారుకి ఇంకా చెప్పలేదు.

ఏ కాయకు ఎవరు ఏ పేరు పెట్టారో
చుక్కలు పెట్టి గీతలు కలిపితే
వల ఒకటి తేలింది.
గీతలన్నీ పోయి పోయి ఒక్క చుక్క మీద వాలుతున్నాయి:
కూలి నంబరు పదిహేడు.
పేర్లు రాయకూడదు, నియమం.
పేపరు అచ్చయితే ఆమె అందులో
పదిహేడుగానే ఉంటుంది.
మంచు తిన్న కాయని మంచు తిన్న కాయ అన్న నోరు
ఒక సరిసంఖ్య కూడా కాదు.

చివరి రోజు డబ్బులిస్తుంటే అడిగింది:
"అన్నీ తెలిసినయ్ అంటన్నావుగా,
మీ మిషను తుమ్ముద్దా?"
లేదన్నాను.
"అయితే అది ఇంకా యార్డుకి రాలేదు."

ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే
రెండో అంతస్తు దగ్గర
చొక్కా మడతలోంచి కోరు లేచింది.
వరసగా నాలుగు తుమ్ములు.
ఎదురు వాటా ఆయన తలుపు తీసి
ఎవరో అనుకుని చూశాడు.