హాజరు పట్టీ

పర్లాకిమిడి బస్టాండు వెనక
మందుల షాపు మీది గదిలో
రోజంతా ఊళ్ళోవాళ్ళ రక్తం చూస్తాను.

గాజుపలక మీద ఒక బొట్టు పామి
ఊదారంగు పోసి, కడిగి, ఆరబెట్టి
నూనెచుక్కలోకి కటకం దించి
తెల్లకణాలు నూరు లెక్కపెట్టాలి.
మామూలు మనిషికైతే
టీ చల్లారేలోపు నూరవుతాయి.

ఈ పలక బమ్మిడి దండాసి మాస్టారిది.
బరంపురంలో మూడో కీమో ఎక్కించుకుని
ఇవాళ్టికి పదోరోజు.
ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాను
ఎర్రవి, ఎర్రవి, ఖాళీ, మళ్ళీ ఎర్రవి.
ముప్పై ఎనిమిది.
రెండో పలక పామాను. అదీ కలిపితే అరవై ఒకటి.

మా తెలుగు బడిలో
నేను రెండో తరగతిలో ఉండగా నలభైమందిమి,
ఐదుకొచ్చేసరికి పదకొండు.
కొందరు ఒడియా బడికి, కొందరు గేటు దాటి పాతపట్నానికి,
కింతలి జోగులు ఐస్‌ఫ్రూట్ బండికి.
మాస్టారు మాత్రం పట్టీలో పేర్లన్నీ పిలిచేవారు
రానివాళ్ళ దగ్గర కాస్త ఆగి
గుమ్మం వైపు చూసి
సున్నా చుట్టేవారు.

మందుకి ఎవరి పేరూ తెలీదు.
తొందరగా చీలేది ఏదైనా సరే కొడుతుంది
గడ్డనీ, జుట్టు కుదుళ్ళనీ, నాలుక పొరనీ
ఎముక గుల్లలో పుట్టబోయే కాపలావాళ్ళనీ.
ఇప్పుడాయనకి
తోటకూర మీది మట్టి, మనవరాలి జలుబు
రెండూ ఒకటే.
ఒళ్ళు వెచ్చబడితే తెల్లారేదాకా ఆగకూడదు.

బొడ్డు పక్కన ఇంజెక్షన్ పొడుస్తున్నారట
నడుం ఎముకల్లో ఒకటే పోటట.
అది తోలుకొచ్చినవాళ్ళు కటకం కింద తెలుస్తూనే ఉన్నారు:
కడుపులో గింజ ఇంకా ముక్కలుగా విడనివాళ్ళు
గుర్రపునాడాలా వంగినవాళ్ళు
ఈడు రాకుండానే
అన్న చొక్కా తొడిగి బడికి పంపిన పిల్లలు.
క్రిమి ఎదురైతే పట్టుకోగలరో
దారితప్పి ఏడుస్తారో
నా ఫారంలో ఆ గడి లేదు.

మెట్ల కింద నిలబడ్డారు, మూతికి గుడ్డ, ఎండలో ఉన్ని టోపీ.
కూర్మమ్మగారు పైకి ఎక్కనివ్వలేదు.
కాగితం పట్టుకుని నేనే దిగి
నాలుగు మెట్లు ఎడంగా ఆగిపోయాను.

"ఎంతమందొచ్చేరే ఇయ్యాల?"

తొమ్మిదివందలు, మాస్టారూ.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు.
"వర్షం కదా" అన్నారు.
రోడ్డు మీద తారు కరుగుతోంది.

బుధవారం మళ్ళీ రమ్మన్నాను.
నా మాటలో గరగర పట్టేశారు.
"గొంతు పోయిందేటే?
నువ్వూ ఓ రోజు సెలవెట్టీ."