పచ్చడి గిన్నెలో పట్టేది

షరతు ఒక్కటే పెట్టుకున్నాను:
నా టిఫిన్ క్యారియర్‌లో అన్నిటికన్నా పైన
పచ్చడి గిన్నెలో పట్టాలి.
డ్యూటీ దిగి, టికెట్ల లెక్క అప్పజెప్పి
గుణదల కొండెక్కేదాన్ని,
ఏసుపాదం గారి ఇత్తడి కీ నేనెక్కడ మొయ్యను?
అది కీ కాదు, కిలోంబావు కాపురం.
తంతి ఆఫీసు మూసిన రోజున టేకు పలకతో సహా తెచ్చుకున్నారు.
అడిగే తెచ్చానంటారు. ఎవర్ని అడిగారో చెప్పరు.

"ఎవడి చేతివాటం వాడిదమ్మా,
పేరు చెప్పకముందే తెనాలి వాడో ఏలూరు వాడో
తీగ మీదే పట్టేసేవాణ్ణి" అనేవారు.
ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని
పలక వెనక సర్కారు నంబరు చూసినప్పుడల్లా నవ్వొచ్చేది.

గవర్నరుపేటలో ఒకటి చూశాను, వేలెడంత ప్లాస్టిక్కుది.
స్ప్రింగు బదులు అయస్కాంతం.
పిట్ట కొంచెం కూత ఘనం అన్నాడు కొట్టువాడు.
నొక్కాను.
కూత మాట దేవుడెరుగు,
పిట్టే జారి బల్ల చివరికి పోయింది.
ఎడంచేత్తో అదిమి పట్టుకోవాలట.
కొండ మీద గాలికి కాగితం లేస్తే మరి ఏ చేత్తో పట్టుకోను?

పోస్టులో వచ్చింది ఇంకొకటి. స్టీలుది, ముద్దుగానే ఉంది.
సందు మాత్రం మరీ ఇరుకు.
ఏసుపాదం గారు శుభలేఖ దూర్చి సందు చూసేవారు,
పెద్దమ్మాయి పెళ్ళిలో పంచగా మిగిలినవాటిలో ఒకటి.
దీంట్లో సిగరెట్టు కాగితం కూడా దూరదు.
నా చుక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గీతలైపోయాయి.
వాపసు.

తొమ్మిదో తరగతిలో గణాలు రాక
బెంచీ ఎక్కి నిలబడ్డదాన్ని నేను.
ఆ నిలువు గీతలూ ఆ వంకర్లూ ఎవరికి పనికొస్తాయో
అప్పుడు తెలీలేదు.
తెలుగు మాస్టారి గురువు రెండు లఘువులు.
ఏసుపాదం గారి గురువు మూడు.
"ఆ మూడోది నీ ఓపిక" అంటారు.
ఒక రాత్రి నిద్రపట్టక
ఆపదలో పంపే పిలుపుని గణాలుగా విడదీశాను:
న గణం, మ గణం, న గణం.
నమన.
మునిగేవాడు పెట్టే దండం.

చివరికి కాళేశ్వరరావు మార్కెట్లో దొరికింది,
కీ కాదు, దాని బరువు.
కరెంటు కాటా వచ్చాక ఉల్లిపాయల నాంచారమ్మ
పట్టా ఎగరకుండా పెట్టుకున్న అరకిలో రాయి.
అడుగున సీసపు ముద్ర, అంకెలు అరిగిపోయాయి.
"దీంతో ఏం తూస్తావే?" అంది.
చెబితే నమ్మదు.

ఆటోనగర్‌లో సుభానీ దానికి మూడు బెజ్జాలు వేశాడు,
పోత ఇనుము, బిట్లు తినేస్తోందని తిడుతూనే.
పాత రెగ్యులేటర్లో ఇత్తడి పట్టీ. బాల్‌పెన్ను స్ప్రింగు.
పైన బొత్తానికి మా తమ్ముడి చదరంగంలో
జట్టంతా పోయి మిగిలిన బంటు.
బిగువు చూసే తూకం నా సంచీలోనే ఉంది:
ఐదు రూపాయల బిళ్ళలు దొంతర పేర్చాను.
పన్నెండింటికి ఊఁ అనలేదు.
పదమూడోదానికి తల వంచింది.
అక్కడ మర బిగించాను.

ఏసుపాదం గారికి పట్టుకెళ్ళి చూపించాను.
కుడిచెయ్యి వణుకుతోందిప్పుడు.
ఎడంచేత్తో ఒక్కసారి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.
బాగుందనలేదు.
గిన్నెలో పెట్టి, మూత తనే వేసి ఇచ్చారు.

గిన్నెకి ఇంకా ఆవకాయ వాసన పోలేదు.
వేపకొమ్మ మీదికి వైరు విసిరి, బండ మీద కూచున్నాను.
కింద జంక్షన్లో ఏదో గూడ్సు దారి దొరక్క అరుస్తోంది.
పిలిచాను. నేనెవరో చెప్పాను.
రాయి కదల్లేదు.
చివర్న ఒక ర గణం,
గురువు, లఘువు, గురువు:
రా, నువ్వు చెప్పు, అని.

వేలు తీసేశాను.
బంటు దానంతటదే పైకి లేచింది.