సున్నా ఏడాది

హాడక్ చేపని ఎనిమిది సెకన్లలో విప్పగలను.
మొప్ప వెనక దిగిన కత్తి
వెన్నుముల్లుని రాసుకుంటూ తోకదాకా జారాలి,
చెయ్యి చూస్తుంది, కళ్లతో పనిలేదు.
దరఖాస్తులో ఈ సంగతి రాసుకునే గడి
ఎక్కడా కనబడలేదు.

ఇరవై ఆరేళ్లకి మళ్లీ బెంచీ మీద కూర్చున్నాను.
అబర్డీన్‌లో, రాతి గోడలూ ఆకాశమూ ఒకే రంగున్న ఊళ్లో,
మొత్తం పదిహేడు మందిమి.
డాక్టరీకి ముందొచ్చే ఏడాది ఇది.
మెడిసిన్ వాళ్లు మమ్మల్ని జీరోలంటారు, ముద్దుగానే.
వాళ్ల మెట్లు కుడివైపు, మావి ఎడమవైపు,
కాఫీ మిషను మాత్రం ఇద్దరికీ ఒకటే,
అది చిల్లర మింగితే తన్నడం నాకే వచ్చు.

మోల్ అంటే ఏమిటో మూడు వారాలు బుర్రకెక్కలేదు.
బ్యూరెట్ కింద ఫ్లాస్కు,
చుక్క, చుక్క, ఇంకొక్క చుక్క,
లేత గులాబీ దగ్గర ఆగమంటే
నాది ప్రతిసారీ బీట్‌రూట్ రసం.
పక్క బల్ల ఫెర్గస్ గెమ్మెల్, నిన్నటిదాకా బస్సు డ్రైవరు,
‘స్టాపు కనబడ్డాక బ్రేకేస్తే ఎట్లా పిల్లా,
కనబడకముందే వెయ్యాలి’ అన్నాడు.
ఆ మాట టెక్స్టుబుక్కులో లేదు.
నాలుగోసారికి ఆగింది గులాబీ.

శనివారాలు తిరిగి ఫ్రేజర్‌బర్గ్, చేపల షెడ్డు.
ఆదివారం రాత్రి బస్సులో
నా పక్క సీటు ఖాళీగా వస్తుంది.
నిమ్మచెక్కతో ఎంత రుద్దినా
గోటి కింద సముద్రం పోదు.
మైటోకాండ్రియా అని మనసులో వల్లిస్తూ కునుకు తీస్తాను.

ఫిబ్రవరిలో ఒక ముసలి నటుణ్ణి మంచం మీద పడుకోబెట్టి
మాట్లాడమన్నారు.
‘మీకు ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పగలరా’ అన్నాను,
గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మాట.
స్క్రిప్టు ప్రకారం ఆయన పొట్ట పట్టుకున్నాడు.
ఎందుకో నోరు జారింది,
మా రేవు యాస బయటపడింది:
‘యాడ నొస్తాంది తాతా?’
ఆయన చెయ్యి పొట్ట మీంచి లేచి
మెల్లగా, తనకే తెలీకుండా,
తన సొంత మోకాలి మీదికి పోయింది.
మేడమ్ ఏదో రాసుకున్నారు.
ఏం రాశారో ఇప్పటికీ అడగలేదు.

జూన్‌లో అరవై దాటాలి అన్నారు.
అరవై ఒకటి.
అంటే అక్టోబరు నుంచి కుడివైపు మెట్లు.

షెడ్డులో డోరీన్ స్ట్రాఖన్‌కి చెప్పాను,
నాకు కత్తి పట్టడం నేర్పిన మనిషి,
వెళ్లేరోజు ‘అలిగి తిరిగొస్తావులే’ అని
నా కత్తిని తన లాకర్లో దాచిన మనిషి.
మంచి మాట ఏదైనా అంటుందనుకున్నాను.
నీలం గ్లోవు ఊడదీసింది.
రెండు వేళ్లు, చివరంతా తెల్లగా, కొవ్వొత్తుల్లా.
‘ఏడేళ్లుగా ఇంతే. ఏంటిది, ఇష్‌బెల్?’

చలి అనొచ్చు, నరం అనొచ్చు, రక్తనాళం అనొచ్చు,
పరీక్షల్లో గుర్తుకురాని మాటలన్నీ అప్పుడే గుర్తుకొచ్చాయి.
‘నాకింకా తెలీదు’ అన్నాను.

తెలీదనడం ఆవిడకి కొత్తేం కాదు,
షెడ్డులో అందరూ అనేదే.
ఇంకా అన్న దగ్గర మాత్రం
తల ఎత్తి చూసింది.

ఆ రెండు వేళ్లనీ నా అరచేతుల మధ్య పెట్టుకున్నాను,
వైద్యం కాదది, వట్టి వెచ్చదనం.
బెల్టు మీద చేపలు పోగుపడుతున్నాయి.
ఫోర్‌మన్ అరుస్తున్నాడు.
రంగు తిరిగొచ్చేదాకా ఎంతసేపు పడుతుందో
లెక్కపెడుతున్నాను.