మంట వంగిన చోట

నవంబరు వస్తే చాలు
మా ఆయన ఎవాల్డ్ కొవ్వొత్తి పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు.
పండగేమీ కాదు. కరెంటూ పోలేదు.
కిటికీ చెక్క వెంట మంటను మెల్లగా నడిపిస్తాడు,
అది వంగిన చోట ఆగి
"త్రూదా, ఇక్కడ" అంటాడు.
నేను ఉన్ని కుక్కుతాను.

మా పెద్దాడి చిన్నప్పటి స్వెట్టరది.
మోచేతులు పురుగు కొట్టేసింది గానీ
మెడ పట్టీ మాత్రం వంటింటి కిటికీకి
కొలిచి అల్లినట్టు సరిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్ళు
ఆరువందల మీటర్ల కింద ఇదే చూపు చూశాడీ మనిషి.
దీపం గాజులో మంట మీద నీలం టోపీ లేచిందంటే
గాలిలో చావుందని.
అప్పుడు మాటల్లేవు, చెయ్యి ఊపితే అందరూ వెనక్కి.
ఇప్పుడు మా ఇంటి గాలిలో ఉన్నది
మహా అయితే పది జ్లోటీలు.
అయినా అదే ముఖం, అదే ఊపిరి బిగబట్టడం.

ఆ రోజుల్లో జీతంతో పాటు బొగ్గు కూడా వచ్చేది
మా జాబ్జెలో ప్రతి గనివాడి గుమ్మానికీ.
లారీ పోసి వెళ్ళిన నల్లగుట్ట మీద పిల్లలు జారుడాట ఆడేవాళ్ళు.
పొద్దున ఆరేసిన దుప్పటి
సాయంత్రానికి ఏనుగు రంగు.
చెప్పొద్దూ, యాభై దాటాకే
తెలుపంటే ఏమిటో చూశాను నేను.

ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి
పచ్చ పలకల పొయ్యిని ఊడదీసిన రోజు
ఆయన ఏమీ అనలేదు, వాళ్ళకి టీ ఇచ్చాడు.
తెల్లవారుజామున నాలుగింటికి మాత్రం లేచాడు.
బూడిద తీసే వేళ.
తీయడానికి బూడిద లేదు, పట్టుకోవడానికి పార లేదు,
మసి పట్టిన గోడ మూల ముందు నిలబడ్డాడు చొక్కా లేకుండా.
బయట కొత్త యంత్రం పిల్లిలా గురగురలాడుతోంది.
"ఏం తింటుందది?"
గాలి తింటుందట అన్నాను.
"గాలి తిని బతికేదాన్ని ఎలా నమ్ముతావే!"

నమ్మలేదు. మర్నాటి నుంచి కాపలా కాశాడు.
పాత షిఫ్టుల పుస్తకంలో మీటరు అంకెలు రాయడం మొదలు,
కప్పుతో కొలిచి గానీ కెటిల్‌లో నీళ్ళు పోయనివ్వడు,
పక్కగదిలోంచే కుతకుత విని "మూత!" అని అరుస్తాడు
ఎవరో గోతిలో పడుతున్నట్టు.
ఒకసారి గరిటె విసిరేశాను.
తగల్లేదు లెండి.

మనవరాలు ఓతిల్కా ఆదివారం వచ్చింది,
ఫోనులో ఏవో పొగల లెక్కలు చూపిస్తూ.
"అయితే నేను తవ్వినదానికి ఎంతో కట్టు" అన్నాడు,
షిఫ్టుకి ఇన్ని టన్నులు, ఏడాదికి ఇన్ని షిఫ్టులు.
ఆ పిల్ల వేళ్ళు చాలాసేపు కదిలి
ఆగిపోయాయి.
ఫోను బోర్లా పెట్టింది. అంకె చెప్పలేదు.
ఆయన లేచి, మెట్ల దగ్గర వెలుగుతున్న లైటు
ఆర్పి వచ్చి కూర్చున్నాడు.
కేకు కొయ్యమన్నాడు.

బార్లీ వండటం మాత్రం నా దగ్గరే నేర్చుకున్నాడు,
నేను మా అమ్మ దగ్గర, ఆమె యుద్ధం తర్వాతి ఆకలి దగ్గర.
పది నిమిషాలు ఉడకనిచ్చి పొయ్యి కట్టేయాలి,
గిన్నెకు వార్తాపత్రికలు చుట్టాలి,
పక్క మీద ఈకల బొంత కింద పడుకోబెట్టాలి.
నాలుగు గంటలు. ఇక ఎవరూ ముట్టుకోకూడదు.

నిన్న బజారు నుంచి వచ్చేసరికి
బొంత కింద ఇద్దరూ ఉన్నారు.
గిన్నె చుట్టూ చెయ్యి వేసి గురక పెడుతున్నాడు,
ఏ పేజీ సిరానో బుగ్గకు అంటింది,
నల్లగా, వెనకటిలాగే.

మెల్లగా మూత తీశాను.
ప్రతి గింజా విచ్చుకుంది.
ఆ మంచం మీద నాకే చోటు లేదు.